సముద్రానికి వీపుపెట్టి కూర్చునే పెద్దన్న

పెద్దన్న పోయాడని నాకు బస్సులో తెలిసింది. ఆ మాట అన్న మనిషికి నేనెవరో తెలియదు, ఆయన నాకు తెలుసనీ తెలియదు.

అరబ్బు దేశంలో, ఫహాహీల్ నుంచి సముద్రం పక్కగా వచ్చే బస్సు. శుక్రవారం ప్రార్థన ముగించుకుని గదికి వెళ్తున్నాను. నా ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. రాయచోటి వైపు వాళ్ళని రెండు మాటల్లోనే తెలిసిపోయింది.

"కారవాన్ తోలే ముసిలాయన ఉండె సూడు, పోయినాడంట."

"యాడ? ఈడనా?"

"ఈడెందుకు, పని ఖలాస్ చేసుకోని ఎప్పుడో ఊరికి పాయె గదా. ఇంటికాడే. పొద్దన్నే కాపీ తాగి మంచం మింద కూసున్నోడు కూసున్నట్టే పోయినాడంట."

"మంచి సావు లే."

నేను ముందుకి వంగాను. "ఏ కారవాన్ ఆయనండీ?" అని అడిగాను.

అతను వెనక్కి తిరిగి చూసి, కాస్త ఆలోచించి చెప్పాడు. "సముద్రం ఒడ్డుకి పోయి గూడా సముద్రానికి ఈపు పెట్టి కూసుంటాడు మేడం. ఆ మనిషి."

ఇంక పేరు అడగక్కర్లేకపోయింది. అడిగినా నాకు కొత్తగానే ఉండేది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో పనిచేశాం, ఆయన్ని పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదు. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. బస్సు కిటికీలోంచి సముద్రం కనపడుతోంది. ఆయన ఇక్కడుంటే ఈ పక్క సీట్లో కూర్చునేవాడు కాదు అనుకున్నాను.

*

నేను ఆ ఇంట్లో నర్సుగా చేరింది ఒక పెద్దావిడని చూసుకోవడానికి. ఆమె ఇంటి యజమాని తల్లి. పనివాళ్ళం అందరం యజమానిని బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ, ఈ పెద్దావిడని పెద్ద మామా అనీ పిలిచేవాళ్ళం. ఈ వరసల దగ్గరే నాకు పెద్దన్నతో పరిచయం.

మాది నర్సాపురం దగ్గర. మా వైపు పెద్దవాళ్ళు ఎవరు కనపడినా బాబాయ్ అనేస్తాం. చేరిన రోజు, వాకిట్లో కారు తుడుస్తున్న డ్రైవరు తెలుగాయనని తెలిసి సంతోషం పట్టలేక "బాబాయ్!" అని కేకేశాను. మేడమీద కిటికీ తెరుచుకుంది. యజమాని తొంగిచూసి ఏమిటన్నట్టు చెయ్యి ఊపాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు జాగ్రత్తపడి, ఆయనది రాయచోటి వైపు, అక్కడ మామా అంటారు కదా అని "మామా" అన్నాను. లోపలి గదిలోంచి పెద్దావిడ "హా?" అని పలికింది.

ఆయన తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుని, చెవి తమ్మె ఒకటి పట్టుకుని లాక్కుంటూ నావైపు చూశాడు. ఏదన్నా ఆలోచించాల్సొస్తే అలా చెవి లాక్కోవడం ఆయన అలవాటు.

"ఈ ఇంట్లో వరసలన్నీ వాళ్ళే తీసేసుకున్యారు పాపా. మనకి మిగిలింది అన్న ఒకటే. పెద్దన్నా అను. పలుకుతా."

అప్పట్నించీ పెద్దన్నే. పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. చలికాలం వచ్చిందంటే ఊరినుంచి తెచ్చుకున్న గళ్ళ తువ్వాలు చెవుల మీదుగా చుట్టి, దానిమీద బాబా ఇచ్చిన ఉన్ని టోపీ పెట్టేవాడు. చూసినవాళ్ళకి పంటి నొప్పితో ఉన్నాడేమో అనిపించేది.

ఆ ఇంటివాళ్ళకి ఒక కారవాన్ ఉండేది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక బల్ల, కిటికీలకి తెరలు. ఏడాదిలో ఎక్కువ భాగం ఊరి బయట కబ్ద్‌లో వాళ్ళ తోటలో, మేకల దొడ్డి పక్కన దుమ్ముకొట్టుకుని పడుండేది. చలి మొదలవగానే పెద్దన్న వెళ్ళి దాన్ని కడిగి, టైర్లు చూసి, లోపల సాంబ్రాణి వేసి తీసుకొచ్చేవాడు. ఆ రోజుల్లో ఇక్కడి జనం ఎడారికి వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. మా ఇంటివాళ్ళు మాత్రం సముద్రం ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు. ఫైలకా దీవికి పడవ బయల్దేరే రేవు పక్కన ఒక పార్కు ఉంది. అక్కడే కారవాన్ పెట్టాలి. ఇంకెక్కడ పెట్టినా పెద్ద మామా ఒప్పుకోదు. బాబా, ఆయన భార్యా పిల్లలూ వారాంతాల్లో వచ్చి వెళ్ళేవాళ్ళు. పెద్ద మామా, నేను, పెద్దన్న మాత్రం చలికాలమంతా అక్కడే కాపురం. ఆమే నేనూ కారవాన్‌లో, ఆయన పక్కనే చిన్న గుడారంలో.

కారవాన్‌ని వెనక్కి నడపడం ఎంత కష్టమో నాకు ఆ పార్కులోనే తెలిసింది. కొత్త డ్రైవర్లు చెమటలు కక్కేవాళ్ళు. మనం ఒక వైపు తిప్పితే అది ఇంకో వైపు పోతుంది. పెద్దన్న దానితో ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "బా... బా... ఎనక్కి... అట్ల గాదు, నీ యవ్వ, ఇట్ల రా... హో... హో..." అంటూ అద్దంలో చూస్తూ తీసుకొచ్చి, అనుకున్నచోట ఆపేవాడు. తర్వాత లోపలి బల్లమీద గ్లాసు నిండా టీ పోసి పెట్టి, కూర్చుని దాన్నే చూసేవాడు. టీ ఒక పక్కకి ఒరిగితే దిగిపోయి చక్రం కింద చెక్కముక్క దోపేవాడు. మళ్ళీ వచ్చి చూసేవాడు. అంతా సమంగా కుదిరాక ఆ చల్లారిన టీ తాగేసి "ఖలాస్, కాపురం పెట్టుకోవచ్చు" అనేవాడు.

ఆ తర్వాత తన కుర్చీ వేసుకునేవాడు. రోడ్డు వైపు మొహం, సముద్రానికి వీపు.

పార్కుకి వచ్చినవాళ్ళంతా సముద్రం చూడ్డానికే వస్తారు. ఈయన ఒక్కడే పార్కింగు వైపు చూస్తూ కూర్చునేవాడు. నాకు విచిత్రంగా ఉండేది. నేను పుట్టినప్పట్నించీ గోదావరి చూసినదాన్ని. మా ఊళ్ళో బండ్లనీ మనుషుల్నీ కలిపి అవతలి గట్టుకి చేర్చే పంటు మీద ఆడుకుంటూ పెరిగినదాన్ని.

"అంత భయమా పెద్దన్నా?" అని అడిగాను ఒకసారి.

"భయం గాదు మే. నమ్మకం లేదు. నీళ్ళంటే బాయిలో ఉండల్ల, బిందెలో ఉండల్ల. ఇట్ల హద్దూ పద్దూ లేకుండా పరుసుకోని ఉంటే దాన్ని నమ్మేదెట్లా? పోనీ నోట్లో పోసుకునేదానికన్నా పనికొస్తాదా అంటే అదీ లేదు. ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక్క బుడ్డ చెట్టన్నా బతికించలేదు. ఎందుకది?"

సముద్రం తప్పు చేసినట్టు మాట్లాడేవాడు. చేప కూడా తినేవాడు కాదు. నేను చేప వేయిస్తుంటే కుర్చీ ఎత్తుకుని గాలికి ఎదురువైపు వెళ్ళి కూర్చునేవాడు. తన వంట తనదే. రాగిపిండితో సంగటి కెలికి, వేరుశెనగ పచ్చడి నూరుకునేవాడు. అది పెద్ద మామాకి ఎలా అలవాటైందో తెలియదు. ఆయన ముద్ద కలుపుతుంటే ఆమె చక్రాల కుర్చీలోంచి మాట్లాడకుండా అరచెయ్యి చాపేది. ఆయన కూడా మాట్లాడకుండా కొంచెం పచ్చడి పెట్టేవాడు. నేను ఉప్పు, బీపీ అని అరుస్తుంటే ఇద్దరూ అరబ్బు దేశంలో తెలుగు ఎవరికి వస్తుందిలే అన్నట్టు చూసేవాళ్ళు.

వాళ్ళిద్దరి మాటలూ అలాగే ఉండేవి. ఆమె అరబీలో అనేది, ఈయన సగం అరబీ, సగం తెలుగు కలిపి జవాబిచ్చేవాడు. ఎవరూ ఎవర్నీ మళ్ళీ చెప్పమని అడగడం నేను చూడలేదు. ఆమె ఆయన్ని 'మజ్నూన్' అనేది, పిచ్చోడా అని. ఆమెకి "ఉండు" అనే తెలుగు మాట వచ్చు. కోపం వస్తే ఆయనమీద అదే వాడేది.

*

పెద్ద మామా పుట్టింది ఫైలకాలో. పెళ్ళయిందీ, పిల్లల్ని కన్నదీ అక్కడే. యుద్ధం వచ్చినప్పుడు సైనికులు దీవిలో ఉన్న జనాన్నంతా ఇటు తోలేశారు. యుద్ధం అయిపోయాక కూడా ఎవరూ కాపురానికి తిరిగి వెళ్ళలేదు. అందరికీ ఇటు పక్కే ఇళ్ళు వచ్చాయి. ఊరు ఊరులాగే ఖాళీగా మిగిలిపోయింది. ఆమె మళ్ళీ అటు అడుగుపెట్టలేదు. చలికాలం అంతా రేవు దగ్గర కూర్చుని, పడవ వెళ్ళడం, పడవ రావడం చూసేది.

బాబా వచ్చినప్పుడల్లా అడిగేది. "నన్ను ఇంటికి తీసుకెళ్ళవా?"

"ఇన్‌షా అల్లా యుమ్మా. వచ్చే గురువారం," అనేవాడాయన. చెడ్డవాడు కాదు. తల్లి కాళ్ళు తనే ఒత్తేవాడు, ఆమె మందుల పేర్లన్నీ ఆయనకి నోటికొచ్చు. కానీ ఆ గురువారం మాత్రం వచ్చేది కాదు. గాలి ఎక్కువగా ఉందనో, పని ఉందనో, ఆమె గుండె తట్టుకోలేదనో ఏదో ఒకటి. నన్ను పక్కకి పిలిచి "పాత ఇల్లు ఆమె అసలు చూడకపోవడమే మంచిది సిస్టర్, అక్కడేమీ లేదు" అన్నాడొకసారి.

రోజూ ఉదయం పెద్దన్న ఆమె కుర్చీని రేవు గేటుదాకా తోసుకెళ్ళేవాడు. నేను పక్కన. పడవ హారన్ కొట్టి కదిలేదాకా ఆమె చూసేది. ఆయన మాత్రం పడవకి వీపు తిప్పి, ఆమె దుప్పటి సర్దుతున్నట్టు నిలబడేవాడు. పడవ వెళ్ళిపోయాక "యల్లా పెద్ద మామా, చాయ్" అని కుర్చీ తిప్పేవాడు.

ఒక వారం మధ్యలో ఇంటివాళ్ళంతా బంధువుల పెళ్ళిలో ఉన్నారు. ఆ రోజు ఉదయం పెద్ద మామా పైన వేసుకునే తన మంచి అబాయా తీయమంది. కళ్ళకి కాటుక పెట్టించుకుంది. మణికట్టు మీద అత్తరు రాసుకుంది. పెళ్ళి సంగతి గుర్తొచ్చి సరదా పడుతోందనుకున్నాను. గాలి లేదు. సముద్రం పలకలా ఉంది. గేటు దగ్గర పెద్దన్న ఎప్పట్లాగే ఆగాడు.

"యల్లా," అందామె.

"యాడికి?"

ఆమె చెయ్యి చాపి చూపించింది.

"పెద్ద మామా, అది పడవ."

"అది పడవ అని నాకు తెలుసు మజ్నూన్. నీకంటే ముందునుంచీ తెలుసు."

"బాబా వస్తాడు గదా. గురువారం..."

ఆమె తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. "నా దగ్గర ఇంకా ఎన్ని గురువారాలు ఉన్నాయో నీకు తెలుసా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. పెద్దన్న చెవి తమ్మె పట్టుకున్నాడు. చాలాసేపు లాక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"బీపీ చూసినావా పాపా?"

"చూశాను. బాగానే ఉంది. కానీ పెద్దన్నా, బాబాకి చెప్పకుండా... ఏవన్నా అయితే మనిద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"ఫోన్ చెయ్."

చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పెళ్ళివాళ్ళ హడావుడిలో ఎక్కడ పెట్టాడో ఏమో.

"మెసేజ్ పెట్టు. నేను తీస్కపోతాండా అని పెట్టు, నువ్వు అని పెట్టొద్దు. ఆమె యాడుంటే నువ్వాడ ఉండల్ల, నీ పని అంతే. మందులు సంచిలో ఉండాయి గదా? ఇంగేం."

పడవ వాళ్ళు కుర్చీ ఎత్తి లోపల పెట్టడానికి సాయం పట్టారు. పెద్దన్న చక్రాలకి బ్రేకు వేసి, దుప్పటి చెక్కి, నాతో "జాగ్రత్తగా పోయిరాండి. నాకు పడవ పడదు, నేనీడే ఉంటా" అని గబగబా దిగిపోయాడు.

హారన్ మోగింది. తాడు విప్పుతున్నారు. పెద్ద మామా దీవి వైపే చూస్తోంది, వెనక్కి తిరగలేదు, ఆయన్ని పిలవలేదు. ఆయన గట్టుమీద నిలబడి ఒకసారి కుర్చీని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. మేమిద్దరం ఆడవాళ్ళం. అవతల ఎత్తి దించాలంటే, ఇసకలో తోయాలంటే నావల్ల అయ్యే పని కాదు. ఆయన చెప్పులు విప్పాడు. కాలవ దాటేవాడిలా వాటిని చంకలో పెట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని పడవలోకి దూకాడు.

దూకినవాడు దూకినచోటే కూలబడి, కుర్చీ చక్రం రెండు చేతులతో పట్టుకుని, తువ్వాలు మొహంమీదికి లాక్కున్నాడు.

"పాపా, వచ్చేసినామా?"

"ఇంకా రేవు దాటలేదు పెద్దన్నా."

పెద్ద మామా నవ్వింది. భుజాలు ఊగేటట్టు నవ్వడం అదే మొదటిసారి చూశాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, ఆయన తలమీద చెయ్యి పెట్టింది. తువ్వాలూ టోపీ మీదుగానే అలా పెట్టి ఉంచి, దీవి వచ్చేదాకా పెదాలు కదుపుతూ దువా చదువుతూనే ఉంది. ఆయన ఆ చెయ్యి కింద కదలకుండా కూర్చున్నాడు.

*

దీవిలో దిగాక పెద్దన్న మళ్ళీ మనిషయ్యాడు. అక్కడ పశువుల్ని చూసుకునే బంగ్లాదేశ్ అతన్ని పట్టుకుని, హిందీలో ఏవేవో చెప్పి, అతని చిన్న లారీలో మమ్మల్ని ఎక్కించాడు. మనుషులు లేని వీధులు. కిటికీల్లేని గోడలు. కొన్ని గోడలనిండా గుళ్ళు తగిలిన బొక్కలు.

"ఊరు ఊరంతా ఇట్ల ఇడిసిపెట్టి పోయినారా!" అన్నాడు పెద్దన్న మెల్లిగా. నిన్నటిదాకా రోజూ పడవకి వీపు తిప్పినవాడు ఇప్పుడు ఒక్కో ఇంటినీ మెడ తిప్పి తిప్పి చూస్తున్నాడు.

పెద్ద మామా చేతికర్రతో దారి చూపిస్తోంది. ఇటు. ఇప్పుడు అటు. ఆగు.

తలుపు లేదు. కప్పు లేదు. గోడల మీద అక్కడక్కడ నీలం సున్నం మిగిలింది. లోపలంతా పాదాలు కూరుకునేంత ఇసక. నేను ఆమె నాడి పట్టుకుని నిలబడ్డాను. భయంగా ఉంది. బాబా చెప్పింది నిజమే, ఇక్కడేమీ లేదు. ఆమె ఒక్కో మూలా చూసింది. ఆమె ఏడుస్తుందని నేను ఎదురు చూస్తున్నాను.

"ఎంత మట్టి!" అందామె. సిగ్గుపడుతూ మా ఇద్దరి వైపూ చూసింది. "ఇంటికి మనుషుల్ని తీసుకొచ్చి ఇలా మట్టిలో నిలబెట్టాను."

పెద్దన్న ఒక్క క్షణం ఆమెని చూశాడు. చంకలోని చెప్పులు గోడవారగా పెట్టాడు. బయటికి వెళ్ళి, రాలిపడిన ఖర్జూరపు మట్టలు నాలుగు ఏరుకొచ్చి, తువ్వాలు అంచు చింపి కట్ట కట్టాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. లోపలి గదిలోంచి ఊడ్చుకుంటూ రావడం మొదలుపెట్టాడు.

"పెద్దన్నా, ఎందుకిది? పైన కప్పే లేదు. రాత్రికి మళ్ళీ ఇసకొచ్చి పడుతుంది," అన్నాను.

"రాత్రికి పడితే పడనీ మే. ఇప్పుడు ఆమె ఇంటికొచ్చింది గదా."

పెద్ద మామా కుర్చీలో నిటారుగా కూర్చుంది. కర్ర ఎత్తి పని చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ, ఆ మూల! ఆ గోడ కింద వదిలేశావు! ఉండు, ఉండు! ఆయన తెలుగులో విసుక్కునేవాడు. "తెలుసు లేమ్మా, ఊడ్సేది గూడా నువ్వే నేర్పిస్తావా నాకు." నాకు ఒక పగిలిన రేకు డబ్బా దొరికింది. దాంతో ఇసక ఎత్తి బయట పోయడం మొదలుపెట్టాను. నర్సు చదువు చదివి దీవిలో మట్టి ఎత్తుతున్నానని మా అమ్మకి చెప్తే నమ్మదు. ఎండ హాయిగా ఉంది. మధ్యాహ్నానికి నేల బయటపడింది. ఎరుపూ తెలుపూ పువ్వుల గచ్చుబిళ్ళలు. అక్కడక్కడ పగిలాయి, కానీ రంగు పోలేదు.

పెద్ద మామా చెప్పులు వదిలేసి లేచింది. నా భుజం పట్టుకుని ఆ గచ్చు మీద ఉత్తికాళ్ళతో నిలబడింది. ఇది వంటిల్లు. ఇక్కడ నీళ్ళ కుండ. ఇక్కడ పిల్లలు వరసగా పడుకునేవాళ్ళు. నీ బాబా ఈ గోడ పక్క, ఆ పిల్లాడికి గోడ తగులుతుంటేనే నిద్ర పట్టేది. తన ఇల్లు చూపించే ఏ ఇల్లాలయినా ఎలా చెప్తుందో అలాగే చెప్పింది. ఆమె నాడి మళ్ళీ చూశాను. నాదే ఎక్కువ కొట్టుకుంటోంది.

అప్పుడే పెరటి వైపునుంచి పెద్దన్న కేక. "పాపా! రేగిచెట్టు మే! మన రేగిచెట్టు!"

నిజంగానే రేగిచెట్టు. గోడ కూలినచోట ఏపుగా పెరిగి, నిండా కాయలతో ఉంది. "కనార్," అంది పెద్ద మామా. "రేగి," అన్నాడు ఆయన. ఇద్దరూ కాసేపు ఆ మాట మీద పోట్లాడుకున్నారు. ముళ్ళకి చేతులు గీరుకుపోయినా ఆయన తువ్వాలు నిండా కోశాడు. సొంతూరి మనిషిని చూసినవాడిలా మొహమంతా వెలిగిపోయింది. మందుల సంచిలోని ఫ్లాస్కులో టీ, రొట్టె, రేగిపళ్ళు. ఊడ్చిన గచ్చు మీద కూర్చుని ముగ్గురం తిన్నాం. ఆ దేశంలో నేను తిన్న భోజనాల్లో నాకు రుచి గుర్తున్నది అదొకటే.

*

పడవ తిరిగొచ్చేసరికి రేవులో బాబా నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది. కుర్చీ గట్టుమీదికి దించీ దించకముందే పెద్దన్న మీద విరుచుకుపడ్డాడు.

"నీకు మతి పోయిందా? ఆమెకి ఏమన్నా అయితే? ఎవర్నడిగి తీసుకెళ్ళావు?"

పెద్దన్న మళ్ళీ చెప్పులు చంకలో పెట్టుకుని ఉన్నాడు. తూలుతున్నాడు. "నేనే బాబా. నేనే తీస్కపోయినా. సిస్టర్‌కేం తెల్దు," అన్నాడు.

"ఇతను నన్ను తీసుకెళ్ళలేదు," అంది పెద్ద మామా. "నేనే ఇతన్ని తీసుకెళ్ళాను. చూడు, ఇంకా వణుకుతున్నాడు."

బాబా చూశాడు. వణుకుతున్నది నిజమే. ఆమె పళ్ళు కట్టిన తువ్వాల్లోంచి ఒక రేగిపండు తీసి కొడుకు చేతిలో పెట్టింది. "మన చెట్టుదే," అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పండు గుప్పిట్లో పట్టుకుని కారవాన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మేం బయట కూర్చున్నాం. పెద్దన్న టీ పెట్టాడు.

"పంపించేస్తాడేమో పెద్దన్నా," అన్నాను.

"పంపిస్తే పోతా పాపా. ఇంటికాడ పెండ్లాం ఉండాది, రెండు మేకలుండాయి. నాకేం తక్కువ?" అన్నాడు. బింకంగా కాదు. రోజూ మాట్లాడే గొంతుతోనే.

పొద్దు వాలేవేళ తలుపు తెరుచుకుంది. బాబా మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తర్వాత తల్లిని కాదు, పెద్దన్నని అడిగాడు.

"వంటింటి గోడ ఉందా?"

"ఉండాది బాబా."

"నేల?"

"ఉండాది. పువ్వులు గూడా ఉండాయి."

"అమ్మ గుండెకి మంచిది కాదని అన్నాను," అన్నాడు బాబా నావైపు తిరిగి. "ఆమె గుండె బాగానే ఉంది సిస్టర్. నేనే ఇన్నాళ్ళూ వెళ్ళలేకపోయాను." మళ్ళీ పెద్దన్నతో, "రేపు నన్ను తీసుకెళ్ళు," అన్నాడు.

పెద్దన్న తలూపాడు. ఆ తర్వాత నావైపు వంగి, ఆయనకి అర్థం కాకుండా తెలుగులో మూలిగాడు. "మళ్ళా నేనేనా!"

తర్వాతి చలికాలాలన్నీ అలాగే గడిచాయి. గురువారం అంటే గురువారమే. పెద్దన్న ఎన్నిసార్లు పడవెక్కినా కళ్ళు తెరవలేదు, కుర్చీ సముద్రం వైపు తిప్పలేదు. ఒక ఎండాకాలం పెద్ద మామా తన మంచంమీదే, కొడుకు కాళ్ళు ఒత్తుతుండగా పోయింది. ఆమె పోయాక నేను ఫహాహీల్‌లో క్లినిక్‌లో చేరాను. కొన్నాళ్ళకి పెద్దన్న ఖలాస్ అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన నడిపిన కారులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, బాబానే ఎయిర్‌పోర్టుకి నడిపాడట. కానీ బస్సు దిగి నడుస్తుంటే నాకు గుర్తొచ్చింది అదేమీ కాదు, మొదటిసారి దీవికి వెళ్ళొచ్చిన ఆ మర్నాటి సంగతి.

మర్నాడు నలుగురం వెళ్ళాం. పెద్ద మామా మళ్ళీ కాటుక పెట్టించుకుంది. బాబా పడవలో ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాడు. వీధులు వచ్చేసరికి ఆయన నడక చిన్నదైపోయింది. తల్లి కర్ర చూపించకముందే సరిగ్గా ఆ ఇంటి ముందు ఆగాడు. ఆగి, ఇంక కదల్లేదు. తలుపు లేని ఆ ద్వారం ముందు అలాగే నిలబడిపోయాడు. నేను పెద్ద మామా కుర్చీని లోపలికి తోసుకెళ్ళాను. రాత్రి గాలికి కొత్త ఇసక పల్చగా పరుచుకుంది. పెద్దన్న చెప్పులు ద్వారం పక్కన గోడవారగా పెట్టి, నిన్నటి మట్టల కట్ట వెతికి తీసి, ఒకసారి అంతా తుడిచేశాడు. తుడిచి ద్వారం దగ్గరికొచ్చి బాబాని చూశాడు. పిలవాలో వద్దో తెలియనట్టు చెవి లాక్కున్నాడు.

"బాబా," అన్నాడు చివరికి, తనకొచ్చిన అరబీలో. "చెప్పులు అక్కడ విడిచి రండి. ఊడ్చాం."

బాబా కిందికి చూశాడు. వంగి, ఒకటొకటిగా విప్పి, పెద్దన్న చెప్పుల పక్కన గోడవారగా పెట్టాడు. లోపలికి వచ్చాడు.